మసి కాగితం మీద సీమ నేల సద్దు

మొదటి పని దీపం వెలిగించడం కాదు, వత్తి కత్తిరించడం. నాలుగు వేళ్ళ వెడల్పున్న వత్తి అంచు కొలబద్ద పెట్టి కోసినట్టు సమంగా లేకపోతే మంట ఒక మూల కొమ్ములా లేస్తుంది. ఆ కొమ్ము తగిలినచోట డ్రమ్ము మీది కాగితం మాడి గోధుమరంగుకి తిరుగుతుంది. 1970లు, 80లలో మసి పట్టిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద సూదితో భూకంపాలను గీసే పెట్టెలు మోసుకుని అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో మకాం పెట్టినవాళ్ళకి జియాలజీ కన్నా ముందు ఈ వత్తి సంగతే ఒంటబట్టేది. ఇప్పుడు బూట్ల డబ్బా అంత డిజిటల్ రికార్డరు తనే రాసుకుంటుంది, తనే ఉపగ్రహం నుంచి టైము తెచ్చుకుంటుంది, తనే ఫోను సిగ్నలు మీద హైదరాబాదుకు పంపేస్తుంది. మంచిదే, ఎవరూ వద్దనరు. ఆ మసి కాగితాల రోజుల్లో ఏ పని ఎందుకు అట్లా చేసేవాళ్ళో మాత్రం ఎక్కడా రాసిపెట్టినట్టు కనపడదు.

కాగితం ఒకవైపు నున్నగా మెరిసే ఆర్ట్ పేపరే కావాలి. గరుకు కాగితమైతే మసి పీచులోకి దిగిపోయి, సూది గీకినా తెలుపు బయటపడదు. మెరిసే వైపు పైకి ఉండేట్టు డ్రమ్ముకి బిగువుగా చుట్టి, ఒక అంచు మీదికి రెండో అంచు సెంటీమీటరు ఎక్కించి అతికించాలి. కొత్తవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. డ్రమ్ము తిరుగుతుంటే సూది పై అంచు నుంచి కింది అంచు మీదికి మెట్టు దిగినట్టు దిగాలి. అతుకు తిరగేసి వేస్తే ప్రతి చుట్టుకీ సూది ఆ మెట్టుకి తగులుకుంటుంది. తెల్లారి చూస్తే అతుకు దగ్గర కాగితం చినిగి, సూది వంగి ఉంటుంది. అంతకన్నా తలనొప్పి ఏమంటే, తగిలినప్పుడల్లా చిన్న భూకంపం లాంటి గీత పడుతుంది. పదిహేను నిమిషాలకొక భూకంపం, గంట కొట్టినట్టు! అట్లాంటి రికార్డు చూసి మురిసిపోయిన విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉండేవాళ్ళు.

ఇంట్లో కాటుక పట్టడం చూసినవాళ్ళకి మసి పట్టడం వింతేమీ కాదు. అక్కడ ఆముదం దీపం మీద బోర్లించిన ఇత్తడి పళ్ళెం, ఇక్కడ కిరసనాయిలు దీపం మీద డ్రమ్ము. కాటుక దట్టంగా పట్టాలి, ఇది పలచగా, అన్నిచోట్లా ఒకేలా పట్టాలి. ఒక చేత్తో డ్రమ్మును ఆపకుండా తిప్పుతూ, రెండో చేత్తో దీపాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరుపుతూ పోవాలి. ఎక్కడ చెయ్యి నిలిస్తే అక్కడ నల్లటి పట్టీ. మసి ఎక్కువైతే సూది ముందర పేరుకుని గీత లావవుతుంది, పొలుసులు రాలతాయి. తక్కువైతే బూడిదరంగు మీద తెల్లగీత, చదవబోతే కళ్ళు నీళ్ళు కారతాయి. సరిగ్గా పట్టిన మసి వెలుతురుకి పెడితే అడుగున తెలుపు కనపడీ కనపడనట్టుంటుంది, గోరంచు తాకిస్తే దుమ్ము లేవకుండా చార పడుతుంది. ఇదంతా గాలి చొరబడని గదిలో చేయాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం వైపు పడమటి గాలి ఎట్లా కొడుతుందో తెలిసిందే. కిటికీ రెక్క వారగా తెరిచినా మంట వంగి మసి చారలు చారలుగా పడుతుంది. తలుపులన్నీ మూసుకుని ఆ పని చేసి బయటికొస్తే ముక్కుపుటాలు నల్లగా, చొక్కా కిరసనాయిలు కంపు.

మర్నాడు అదే వేళకి కాగితం విప్పాలి. విప్పాక మొట్టమొదట చేయవలసింది రాయడం. ఊరి పేరు, తేదీ, ఎక్కించిన టైము, దించిన టైము, గెయిన్ (నేల అదురును ఎంత పెద్దది చేసి గీయాలన్న కొలత) ఎన్ని డెసిబెళ్ళు, గడియారం ఎంత ముందుకో వెనక్కో ఉంది, అన్నీ మసి మీదే సూదిమొనతో గీకి రాయాలి. ఆ తర్వాతే లక్క ద్రావణం. వడ్రంగులు తలుపులకు పూసే లక్క పాలిష్ లాంటిదే, కానీ నీళ్ళంత పలచగా స్పిరిటులో కలుపుకోవాలి. వెడల్పాటి పళ్ళెంలో పోసి, కాగితాన్ని ఒక చివర నుంచి లోపలికి జారవిడిచి, రెండో చివర నుంచి పైకి తీసి, తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేస్తారు. ఒక్కసారి లక్క పట్టిందంటే ఇక రాయడానికి లేదు, తుడవడానికీ లేదు. పేరు గీకకుండా ముంచిన రికార్డు ఏ ఊరిదో, ఏ రోజుదో దేవుడికే తెలియాలి. ఎండాకాలం కర్నూల్లో స్పిరిటు పళ్ళెంలోనే ఆవిరైపోయి ద్రావణం చిక్కబడుతుంది. కాగితం మీద బెల్లంపాకంలా మెరిసే చారలు దిగుతాయి. మధ్యమధ్య కొత్త స్పిరిటు పోస్తుండాలి. ముసురు పట్టిన రోజుల్లో ఇంకో తంటా: స్పిరిటు ఆరేటప్పుడు గాల్లో తేమ పీల్చుకుని కాగితం మీద పాలపొర కమ్ముకుంటుంది, గీతలు మబ్బులో పడ్డట్టవుతాయి. మరో మాట, మసి పట్టే దీపమూ స్పిరిటు పళ్ళెమూ ఒకే గదిలో ఉండకూడదు. చెప్పనక్కర్లేని మాట అనుకుంటారు గానీ, ఒక్క గదే దొరికిన మకాముల్లో పదే పదే చెప్పవలసి వచ్చేది ఇదే.

ఇంత తతంగం ఎందుకంటే, ఇంకు పెన్ను కన్నా మసి మీద సూది తేలిగ్గా పోతుంది. రాపిడి తక్కువ, గీత వెంట్రుకవాసి సన్నం, ఎండకి ఇంకు ఎండిపోతుందన్న బెంగ లేదు. డ్రమ్ము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 60 మిల్లీమీటర్లు అనుకోండి. చుట్టుకి 15 నిమిషాలు, రోజుకి 96 గీతలు. కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక సెకను. ఇక లెక్క కట్టడం చిన్నపిల్లల పని. భూకంపం నుంచి ముందు పీ తరంగం వస్తుంది, వెనకనే ఎస్ తరంగం. రెంటి మధ్య ఎడం సెకన్లలో తీసుకుని ఎనిమిదితో గుణిస్తే దూరం కిలోమీటర్లలో, కొద్ది తేడాతో, వచ్చేస్తుంది. గ్రానైటులో పీ సెకనుకి దాదాపు 6 కిలోమీటర్లు, ఎస్ మూడున్నర వెళ్తాయి కాబట్టి ఆ ఎనిమిది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి అదిరింది. కర్నూలుకి అది దాదాపు 290 కిలోమీటర్లు. కర్నూలు దగ్గర డ్రమ్ము తిరుగుతూ ఉంటే పీకీ ఎస్‌కీ మధ్య 36 మిల్లీమీటర్ల ఎడం పడాలి. బొటనవేలు పొడవు కన్నా తక్కువ.

అసలు కష్టమంతా సిస్మోమీటర్ను, అంటే నేల అదురును పట్టి కేబులు మీద పెట్టెకు పంపే పరికరాన్ని, ఎక్కడ పెట్టాలన్నదే. ఈ విషయంలో సీమ నేల అదృష్టవంతురాలు. వాన లేకపోతే లేదు గానీ, బండ ఉంది. అనంతపురం జిల్లాలో ఏ గుట్ట పక్కన చూసినా పరుపుబండ బయటపడి ఉంటుంది. రెండు వందల కోట్ల ఏళ్ళకి పైబడిన గ్రానైటు, నైసు రాయి. దాని మీద సిస్మోమీటర్ కూర్చోబెడితే వేల కిలోమీటర్ల అవతల నేల కదిలినా వినపడుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో పెడితే నేలే ఉయ్యాల ఊగుతుంది. గెయిన్ ఆరు డెసిబెళ్ళు పెంచితే గీత రెట్టింపవుతుంది. నల్లరేగడిలో 66 దగ్గర పెట్టి సరిపెట్టుకోవలసిన పెట్టెను మంచి పరుపుబండ మీద 84కి పెంచగలిగితే తేడా 18, అంటే ఎనిమిది రెట్లు సన్నటి సద్దు చిక్కుతుంది.

అయితే బండ కనపడగానే పెట్టెయ్యకూడదు. ముందు సమ్మెటతో కొట్టి వినాలి. ఖంగుమంటే అది నేలతో కలిసిన బండ. డొల్లగా పలికితే కింద విడిపోయిన పలక, ఎండకి పొరలు లేచిన గుండు. దాని మీద పెడితే గుండు తన సొంత ఊపు ఊగుతుంది. మంచి బండ దొరికాక సిమెంటుతో చిన్న దిమ్మె కట్టి, నీటిబుడగ నడుమన నిలిచేట్టు మరలు తిప్పి సిస్మోమీటర్ను నిలబెట్టాలి. మీద రేకుడబ్బా బోర్లించి, దాని మీద మట్టి కప్పాలి. మట్టి కప్పేది దొంగల భయంతో కాదు, ఎండ భయంతో. మధ్యాహ్నం రేకు వేడెక్కి లోపల గాలి కదిలిందంటే సూది దేనికీ కాకుండా వంకరలు పోతుంది. కేబులు జానెడు లోతున పూడ్చకపోతే ఉడతలు, ఎలుకలు కొరుకుతాయి. వైర్లు తారుమారు కాకుండా చూసుకోవాలి. తారుమారైతే రికార్డంతా బాగానే ఉంటుంది, కానీ పైకి కదిలిన నేల కిందికి కదిలినట్టు రాస్తుంది. పగులు ఎటు జారిందో చెప్పేది ఆ మొదటి కదలికే కాబట్టి, ఒక్క స్టేషను తిరగబడితే మొత్తం లెక్క తిరగబడుతుంది.

సద్దు లెక్క రాసుకోవడం ఇంకో పని. బావి మోటారు అర కిలోమీటరు దూరంలో ఉన్నా గీత మీద నూగు లేస్తుంది. కరెంటు రాత్రిపూటే ఇచ్చే ఊళ్ళలో మోటార్లన్నీ ఒకేసారి మొదలవుతాయి, అందుకని నిశ్శబ్దం అనుకున్న రాత్రే పగటికన్నా అధ్వాన్నం. సెనక్కాయలు వొలిచే మిషను, బోరు లారీ, చింతచెట్టు వేర్ల ద్వారా నేలలోకి దిగే గాలి, ఒక్కోదానికి ఒక్కో చేతిరాత. కొన్నాళ్ళు చూస్తే ఎవరిదో గుర్తుపట్టేయవచ్చు. మేకలమంద సిస్మోమీటర్ మీదుగా పోతే చిటపటలాడే సన్నటి ముళ్ళు. కాడెద్దుల నడక నెమ్మది నెమ్మదిగా, సమంగా.

అన్నిటికన్నా మోసం చేసేది క్వారీ పేలుడు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ నాపరాయికీ సిమెంటు సున్నపురాయికీ రోజూ ఎక్కడో ఒకచోట మందు పేలుతూనే ఉంటుంది. కాగితం మీద చూస్తే చిన్న భూకంపమే. గుర్తుపట్టడానికి మూడు కిటుకులు. పేలుడు నేలను అన్ని వైపులా నెడుతుంది కాబట్టి ఎన్ని స్టేషన్లున్నా మొదటి కదలిక పైకే ఉంటుంది. లోతు లేదు కాబట్టి ఎస్ తరంగం బక్కచిక్కి, వెనక సెకను నిడివి ఉపరితల తరంగాలు బలంగా ఉంటాయి. మూడోది గడియారం: కూలీలు అన్నానికి లేచే వేళ, సాయంత్రం పని దిగే వేళ. ఆదివారం ఎప్పుడూ రాని, రోజూ నాలుగున్నరకే వచ్చే భూకంపం భూకంపం కాదు. పుస్తకాల్లో మొదటి రెండూ ఉంటాయి. పనిలో ఎక్కువ అక్కరకొచ్చేది మూడోదే.

క్వారీల మాట వచ్చింది కాబట్టి ఒకటి. పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, చేతిలోకి తీసుకుంటే బరువుకి ఆశ్చర్యమేస్తుంది, నీటికి నాలుగు రెట్లకు పైనే. దాన్ని పిండి కొట్టి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు. లోపలి నుంచి గ్యాసు తన్నుకురాకుండా ఆ బరువే అదిమిపెడుతుంది. ఎక్కడెక్కడి సముద్రాల్లో సిస్మిక్ సర్వే చేసి చమురు ఆనవాళ్ళు పడతారో, ఆ బావుల్లో కొన్నిటికి పోయేది మన ఓబులవారిపల్లె మండలం రాయి. సీమ రాళ్ళలో చమురు మాత్రం అడగకూడదు. ఇవి మరీ ముసలివి.

టైము సంగతి చెప్పకపోతే ఈ పనిలో సగం చెప్పనట్టే. ఒక్క సెకను తేడా వస్తే భూకంపం ఉన్నచోటు ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు జరిగిపోతుంది. పెట్టెలో క్వార్ట్జ్ గడియారం నిమిషానికొక చిన్న గంటు, గంటకొక పెద్ద గంటు గీత మీద వేస్తుంది. ఆ గడియారం నిజం చెబుతోందో లేదో చూడటానికి రేడియో. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల ఏటీఏ అనే పేరుతో 5, 10, 15 మెగాహెర్ట్జుల మీద సెకను సెకనుకీ టిక్కులు ప్రసారం చేసేది. కాగితం ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి ఆ టిక్కుల్ని నేరుగా సూదికే కలిపి గీత మీద రాయించుకునేవాళ్ళు. మధ్యలో గడియారం జరిగిన జరుగును రెంటి మధ్యా సమంగా పంచాలి. పంచేటప్పుడు ఒక మెలిక ఉంటుంది: ఎండకి గడియారం సమంగా జరగదు, మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి తక్కువ. అందుకే పెట్టెను మిద్దె లోపల చల్లటి మూలన, నేలకి దగ్గరగా పెట్టాలని పట్టుబట్టేవాళ్ళు. ఉరుములున్న సాయంత్రం రేడియోలో బరబర తప్ప టిక్కు వినపడదు. ఆ రోజు రాత్రి పదింటికో పదకొండింటికో మళ్ళీ లేచి పట్టుకోవాలి.

సద్దులేని బండకి ఎంత విలువో హిందూపురం దాటి గౌరీబిదనూరు వెళ్తే తెలుస్తుంది. ఊరు కర్ణాటకలో ఉన్నా అంగడి వీధిలో తెలుగే ఎక్కువ వినపడుతుంది. ఇప్పుడు భాభా అణు పరిశోధన కేంద్రం అంటున్న సంస్థ 1965లో బ్రిటన్ అణుశక్తి సంస్థ సహకారంతో అక్కడ సిస్మిక్ అర్రే పెట్టింది. రెండు చేతులున్న ఎల్ ఆకారం, దాదాపు రెండున్నర కిలోమీటర్లకొకటి చొప్పున గుంతల్లో దించిన 20 సిస్మోమీటర్లు. పని, భూగర్భంలో అణుపరీక్షల్ని వినడం. చైనా లోప్‌నార్‌లో పేల్చినవి ఇక్కడి గ్రానైటులో వినపడ్డాయి. కిటుకు చాలా సులువు. దూరం నుంచి వచ్చే తరంగం ఒక్కో గుంతకి ఒక్కో క్షణాన చేరుతుంది. ఆ ఎడాన్ని బట్టి ఇరవై గీతల్నీ వెనక్కీ ముందుకీ జరిపి కలిపితే, తరంగం ఒకదాని మీద ఒకటి పడి బలపడుతుంది. చెట్టు ఊపు, లారీ అదురు ఏ గుంతకి ఆ గుంతవే కాబట్టి కలవవు, చెదిరిపోతాయి. ఇరవైకి వర్గమూలం, అంటే నాలుగున్నర రెట్ల లాభం. జాతర గుంపులో ఒకే పాట పాడే ఇరవైమంది గొంతు పైకి తేలినట్టు. అణు పేలుళ్ళను వినే చెవి సరిహద్దు అవతల ఉంటే, వేంపల్లె డోలోమైటులో యురేనియం ఇవతల తుమ్మలపల్లెలో బయటపడింది. కావాలని ఎవరూ పెట్టిన ఏర్పాటు కాదు గానీ, మ్యాపు మీద చూస్తే తమాషాగా ఉంటుంది.

ఆ గౌరీబిదనూరుకి అక్కలాంటి అర్రే స్కాట్లాండులో ఎస్క్‌డేల్‌మ్యూర్ దగ్గర ఉంది. అక్కడ గాలిమరల గొడవ వచ్చింది. నిమిషానికి 20 చుట్లు తిరిగే మూడు రెక్కల గాలిమరలో స్తంభం ముందు నుంచి సెకనుకొక రెక్క దాటుతుంది. దాటినప్పుడల్లా స్తంభం వణుకుతుంది, పునాది ఆ వణుకును బండలోకి దింపుతుంది. దూరపు పేలుళ్ళు వినపడేది కూడా సరిగ్గా ఆ సెకను చుట్టుపక్కల నిడివిలోనే. చివరికి అర్రే చుట్టూ 10 కిలోమీటర్ల లోపల గాలిమరలే వద్దనీ, 50 కిలోమీటర్ల దాకా మొత్తం వణుకు ఒక హద్దు దాటకూడదనీ తేల్చారు. మన రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నడుమ లేచాయి. ఆ తర్వాత తాడిపత్రి వైపు కడవకల్లు, ఇప్పుడు ఏ దిన్నె చూసినా రెక్కలే. కరెంటు కావాలి, కాదనను. కానీ పాత పరుపుబండ మీద పాత గెయిన్ పెట్టడం ఇక కుదరదు. గని, శకునాల దగ్గరి సోలారు పలకలు వెయ్యి మెగావాట్లిస్తూ కూడా నేలను ఏమీ అనవు. భూకంపాలవాళ్ళని అడిగితే ఓటు సూర్యుడికే.

చిన్న పెట్టెల మాట అటుంచితే, సీమ నేల లోతు కొలిచిన పెద్ద పని 1972లో మొదలైంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), సోవియట్ నిపుణుల సహకారంతో తూర్పున కావలి నుంచి పడమట ఉడుపి దాకా దాదాపు 600 కిలోమీటర్ల గీత వెంట డీప్ సిస్మిక్ సౌండింగ్ చేసింది. మన దేశంలో ఆ పద్ధతికి అదే మొదలు. గీత కడప బేసిన్‌ను, అంటే కడప, కర్నూలు పొరరాళ్ళు పరుచుకున్న పల్లాన్ని, అడ్డంగా కోసుకుంటూ అనంతపురం మీదుగా పోతుంది. బోరుగుంతలో మందు పేల్చడం, వరసగా పరిచిన జియోఫోన్లతో (నేలలో ముల్లు గుచ్చి నాటే చిన్న సిస్మోమీటర్లు) వినడం, పేలిన క్షణాన్ని వైర్లెస్ మీద రికార్డింగు బండికి పంపడం, అదీ పని. కింది బండ పొరలకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం ఎదురుచూడాలి. అట్టడుగున, భూమి పెంకు ముగిసేచోట తగిలి తిరిగి రావడానికి పదకొండు పన్నెండు సెకన్లు పడుతుంది. ఆ పన్నెండు సెకన్లూ రోడ్డు మీద బస్సు కదలకూడదు, బండి కదలకూడదు. దాంట్లో తేలింది, పెంకు మందం 35, 40 కిలోమీటర్ల చుట్టూ ఉందనీ, కడప రాళ్ళ తూర్పు అంచు మీదికి నెల్లూరు వైపు రాళ్ళు ఎక్కి కూర్చున్నాయనీ. పల్లెల్లో మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్నడుగులకి పడతాయి సార్ నీళ్ళు?" నలభై కిలోమీటర్ల లోతు కొలుస్తున్నామని చెబితే, అంత లోతు బోరు ఎవరు వేస్తారన్నట్టు చూసేవాళ్ళు.

జియాలజీ చదివే పిల్లలకి సీమ ఊళ్ళ పేర్లన్నీ పాఠమే. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథం వేసినప్పటి నుంచీ పొరలకు ఊళ్ళ పేర్లే. గువ్వలచెరువు గుల్చేరు క్వార్ట్‌జైటు అయింది. దాని మీద వేంపల్లె, ఆపైన పులివెందుల, తాడిపత్రి, గండికోట. కర్నూలు వరసలో కింద బనగానపల్లె, తర్వాత నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. ఆర్టీసీ బస్సు బోర్డులు చదివినట్టుంటుంది. దేశంలో ఎక్కడెక్కడి నుంచో ఎమ్మెస్సీ పిల్లలు ఈ రాళ్ళు చూడటానికి వస్తారు. గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు ఆపితే సగంమంది సుత్తెలు పట్టుకుని రోడ్డు పక్క క్వార్ట్‌జైటు వైపు, సగంమంది పాలకోవా అంగడి వైపు. అనంతపురంలో 1968లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయినచోట చదివినవాళ్ళకి ఇంటి గుమ్మమే ఫీల్డు.

ప్రాక్టికల్ పరీక్ష పద్ధతి అప్పట్లో అంతటా ఒకటే. మూడు స్టేషన్ల సిస్మోగ్రాముల నకళ్ళు, ఒక మ్యాపు, వృత్తలేఖిని. పీ, ఎస్ గుర్తించి, జెఫ్రీస్-బుల్లెన్ పట్టికలో దూరం చూసి, మూడు వృత్తాలు గీయాలి. కలిసినచోట భూకంపం. మూడూ ఒకే చుక్క దగ్గర కలిస్తే అనుమానించాలి, పిల్లవాడు జవాబు ముందు తెలుసుకుని వృత్తాలు సర్దాడన్నమాట. నిజం రికార్డులతో ఎప్పుడైనా నడుమ చిన్న త్రిభుజం మిగలాల్సిందే. ఆ త్రిభుజం పెద్దదైతే లోతు సంగతి, గడియారం సంగతి ఆలోచించాలి. తన చదివింపు సరైందో కాదో తెలియాలంటే ఇంగ్లండు నుంచి అంతర్జాతీయ సిస్మలాజికల్ సెంటర్ బులెటిన్ రావాలి. అది రావడానికి దాదాపు రెండేళ్ళు. అప్పటికి పిల్లవాడు పాసై ఏ బోర్‌వెల్ కంపెనీలోనో ఉంటాడు.

నీళ్ళ దగ్గరికే వద్దాం, సీమలో సిస్మిక్ పని అన్నం పెట్టింది అక్కడే. సామాను: పన్నెండు జియోఫోన్లు, కేబులు, రికార్డరు, ఎనిమిది పది కిలోల సమ్మెట, కొట్టడానికి దళసరి ఇనుప పలక. జియోఫోన్లు అయిదు మీటర్లకొకటి నాటి, పలక మీద సమ్మెటతో కొట్టి, ఒక్కోదానికి అదురు ఎన్ని మిల్లీసెకన్లకు చేరిందో గ్రాఫు గీస్తే రెండు వాలుల గీత వస్తుంది. మొదటి వాలు పైమట్టిది, రెండోది కింది బండది. మట్టిలో వేగం సెకనుకి 600 మీటర్లు, గ్రానైటులో 5000 అనుకుందాం. రెండో గీతను వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షాన్ని 40 మిల్లీసెకన్ల దగ్గర కోసిందనుకోండి. అందులో సగం, 0.02 సెకను, రెండు వేగాల లబ్ధంతో గుణించి, వాటి వర్గాల తేడాకి వర్గమూలంతో భాగిస్తే 12.1 మీటర్లు. అంత లోతు దాకా మట్టీ మెత్తరాయీ, ఆ కింద బండ. వాలు మారేది 27 మీటర్ల దగ్గర. కాబట్టి జియోఫోన్ల వరస పాతిక మీటర్లకే ఆపితే బండ ఊసే కనపడదు, ఎంత గట్టిగా కొట్టినా. కొత్తవాళ్ళు గ్రాఫు సరిగా రాలేదని సమ్మెట మార్చేవాళ్ళు. మార్చవలసింది వరస పొడవు.

ఎండాకాలం నల్లరేగడిలో బెత్తెడు వెడల్పు నెర్రెలు. జియోఫోన్ ముల్లు నెర్రె పక్కన నాటితే అదురు చేరదు. గరుసు నేలలో ముల్లు దిగక వంగుతుంది, గడ్డపారతో గుంత చేసి నీళ్ళు పోసి నాటాలి. సమ్మెట పిడికి కట్టిన స్విచ్చు వైరు యాభై దెబ్బలకి తెగుతుంది, జేబులో ఇంకోటి ఉండాలి. వీటన్నిటికీ మందుంది, లేనిది ఒక్కదానికే. పైన గట్టిరాయి, కింద మెత్తరాయి ఉంటే కింది పొర ఈ పద్ధతికి కనపడనే కనపడదు, తరంగం కిందికి వంగిపోతుంది గానీ తిరిగి పైకి రాదు. పాణ్యం క్వార్ట్‌జైటు కింద అవుకు షేలు ఉన్నచోట సరిగ్గా ఇదే జరుగుతుంది. గ్రాఫు బంగారంలా ఉంటుంది, లోతు లెక్క తప్పుతుంది. ఆ కొండల్లో పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులొచ్చిన ఈ రోజుల్లో పొరల వరస తెలియకుండా గ్రాఫు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మెత్తరాయి మందం ఎంతో ఇది చెబుతుంది, ఆరు వందల అడుగుల కింద గ్రానైటులో నీళ్ళున్న పగులు ఎక్కడుందో చెప్పదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని చెప్పేవాడు అది కూడా చెప్పేస్తాడు, అందుకే రైతు అతని మాటే వినేవాడు.

కిల్లారి తర్వాత ప్రశ్నలు మారాయి. వినాయక నిమజ్జనం ముగించుకుని పడుకున్నవాళ్ళ మీద తెల్లవారుజామున నాలుగింటికి ముందు ఇళ్ళు కూలాయి, వేలమంది పోయారు. భూకంపం తీవ్రత 6.2 దరిదాపుల్లో, ప్రపంచం లెక్కన మధ్యరకం. చంపింది ఇల్లు. మట్టితో పేర్చిన రాతిగోడ, మీద దళసరి మట్టికప్పు. సీమలో చవుడు మిద్దె తెలిసినవాళ్ళకి ఆ ఫోటోలు చూస్తే గుండె జారింది, అచ్చం అదే ఇల్లు. దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు. వాన కారకుండా ఏడాదికొకసారి కొత్త చవుడు పోస్తారు, పాతది తీయరు. అడుగు మందం చేరిందంటే చదరపు మీటరుకి అయిదు వందల కిలోలు. పది అడుగుల గదికి పైనే నాలుగున్నర టన్నులు. గోడ రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడుగు రాళ్ళు లేకపోతే, అదిరినప్పుడు లోపలి ముఖం లోపలికి, బయటిది బయటికి విడిపోయి ఆ టన్నులన్నీ కిందికి దిగుతాయి. మూడు నాలుగు అడుగులకొక పొడుగు రాయి, గోడల మూలలు కలిపే కట్టు, పాత చవుడు గీకి తీసి కొత్తది పోయడం, ఇవి చేస్తే చాలా మటుకు ప్రమాదం తప్పుతుంది. ఆ కిల్లారి అప్పటి భూకంప ప్రమాదాల మ్యాపులో ఒకటో జోను, అంటే అన్నిటికన్నా భయంలేనిచోటు. 2002లో ఒకటో జోనునే ఎత్తేసి రెండులో కలిపారు. మన పాత మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం ఆ 2002 మ్యాపులో రెండులోనే పడింది.

పాత మసి కాగితాలు ఎవరింట్లోనైనా, ఏ కాలేజీ బీరువాలోనైనా చుట్టలుగా కనపడితే వెంటనే విప్పకండి. లక్క ఎండి పెళుసుబారి ఉంటుంది, విప్పితే పెటపెటా పగిలి మసి పెచ్చులుగా రాలుతుంది. వానాకాలం గాలిలో రెండు మూడు రోజులు ఉంచితే కాగితం కాస్త తేమ పట్టి లొంగుతుంది. చల్లటి బల్ల మీద మసి పైకి ఉండేట్టు కొంచెం కొంచెంగా తెరుస్తూ, అంచుల మీద బరువులు పెట్టాలి. అంటుకున్నచోట లాగకూడదు. స్పిరిటు తడి అసలే తగలనీయకూడదు, లక్క కరిగి మసి చేతికొస్తుంది. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వేయకుండా పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడనివ్వండి. సూదితో గీకిన అక్షరాలు ముందు కనపడతాయి: ఊరి పేరు, తేదీ, డెసిబెళ్ళు, గడియారం తేడా.